ట్యూబా పక్కన చోటు

“ఇంకోసారి ఊదు బావా. అక్క ఇంకా ఏమీ తేల్చలేదు.”

ప్లంబరు నుదుటి చెమట తుడుచుకుని కొత్త ట్యూబాను, ఆ పెద్ద ఇత్తడి బాకాను, మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు. వాద్యాలమ్మే ఆ కొట్లో చెక్క నేల, దాని మీద పొడుగాటి బల్ల. బల్ల మీద అతను, పక్కనే భార్య. ఆవిడ చెప్పులు బల్ల కిందికి నెట్టేసి, అరచేతులు రెండూ బల్లకు ఆనించి, పరీక్ష పేపర్లు దిద్దే పంతులమ్మలా కూర్చుంది. బావమరిది కిటికీ గట్టెక్కి కాళ్ళూపుతున్నాడు.

ప్లంబరు సొంత ట్యూబా పోయిన నెల చచ్చిపోయింది. అలాగే చెప్పాలి మరి. బ్యాండువాళ్ళ వ్యాను వెనక్కొస్తూ దాని మీదికెక్కింది. చక్రం కింద నలుగుతూ అది తీసిన ఆఖరి కూతకు, ఓడ వచ్చిందనుకుని రెండు వీధుల జనం పెట్టెలు సర్దుకున్నారని ప్లంబరు అందరికీ చెబుతాడు. ఆ ఊళ్ళో సముద్రం లేదు.

అప్పటి నుంచి ఇంట్లో సాయంత్రాలు పాడైపోయాయి. పని నుంచి రాగానే అతను వసారాలో బల్ల మీద కూర్చుని ఊదేవాడు. ఆవిడ చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి వచ్చి పక్కన కూర్చునేది. పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటు అది. ట్యూబా పోయాక ఆవిడ ఆ బల్ల మొహమే చూడటం లేదు. బ్యాండులో చోటు పోయినా ప్లంబరు ఇంత బెంగపడేవాడు కాదు. పక్కన ఆ చోటు ఖాళీగా ఉంటే మాత్రం అతనికి ముద్ద దిగడం లేదు.

“మా బావ అసలు క్లారినెట్ వాయించేవాడండీ,” బావమరిది కొట్టాయనతో అన్నాడు. “జనం ఎగబడేవాళ్ళు. మా అక్కను చేసుకున్న నెలకే దాన్ని అమ్మేసి, ఈ గంగాళాన్ని తగిలించుకున్నాడు.”

“అదేం పనండీ?”

“రోజంతా పైపులతో కుస్తీ కదా. సన్నపైపు చేతికి ఆనలేదు కాబోలు.”

ప్లంబరు ఊదాడు. కొట్టాయన కళ్ళు మూసుకుని తలాడించాడు. “ఆహా! గంట కొట్టినట్టు లేదూ? తేలిక, తళతళ, పైగా చవక. గీత కూడా పడని సరుకమ్మా!”

ఆవిడ ముక్కు చిట్లించింది.

“లోపమేంటో సెలవియ్యండమ్మా.”

ఆవిడ చూపు ట్యూబా మీంచి కదల్లేదు. గట్టి బేరగత్తె అనుకున్నాడు కొట్టాయన. “అమ్మగారు ఎక్కువ మాట్లాడరా?”

“పెళ్ళయినప్పటి నుంచీ నన్నొక్క మాట అనలేదండీ,” అన్నాడు ప్లంబరు గర్వంగా.

కొట్టాయన లోపలి గదివైపోసారి చూసి గొంతు తగ్గించాడు. “పెట్టి పుట్టారు బాబూ.”

“ఏం పెట్టి పుట్టడం! అన్నీ ఆ కళ్ళతోనే అంటుంది. తట్టుకోవాలిగా?”

బావమరిది కిటికీ దిగొచ్చి అక్క ఎదురుగా నిలబడ్డాడు. “కొత్తదే కానియ్యక్కా. పాపం, బావ నడుం చూడు. ఇంకా బరువైంది మొయ్యాలా, నిన్ను భరించాలా?” అని రెండు చేతులూ తిప్పి తిప్పి వాదించాడు. చేతులు కట్టేస్తే ఆ ఇంటివాళ్ళకు మాట రాదని వీధిలో వేళాకోళం. ఆవిడ చూపుడువేలు ఒక్కసారి అడ్డంగా ఊపింది. వాదన కొట్టేసినట్టే.

“నవ్వనంటే ఇంకోటి ఉంది,” అంటూ కొట్టాయన మూలనున్న దుప్పటి లాగాడు.

దాని కింద ఒంటినిండా సొట్టలతో, పూత వెలిసిపోయి, ముసలి ఏనుగు కూర్చున్నట్టుంది పాత ట్యూబా.

“వయసులో నాకు పెద్దన్న. మందం రేకు. నడిమి మీట మొరాయిస్తుంది. ధర మాత్రం కొత్తదానికంటే ఎక్కువే.”

“సొట్టలకు విడిగా వేస్తారా?” అన్నాడు బావమరిది.

ప్లంబరు దాన్ని ఎత్తబోతే ట్యూబా కంటే ముందు అతని మోకాళ్ళు పలికాయి. ఎలాగో బల్ల మీదికి చేర్చి, దేవుణ్ణి తలుచుకుని, గుండెల్లో ఉన్న గాలంతా పోశాడు.

అద్దాల బీరువా గడగడలాడింది. లోపలున్న పిల్లనగ్రోవులు ఒకదాని వెనక ఒకటి దాక్కోవడానికి దొర్లాయి. కొట్టు కట్టిన నాటి నుంచీ దూలం మీద కాపురమున్న దుమ్మంతా దిగొచ్చి బావమరిది నెత్తిన కూర్చుంది. సరిగ్గా అప్పుడే నడిమి మీట ఇరుక్కుంది.

“అయ్యో, స్వరం తప్పింది!” కొట్టాయన మొహం ముడిచాడు.

“ఫరవాలేదండీ. అక్క అలాంటివి పట్టించుకోదు,” అన్నాడు బావమరిది దగ్గుతూ.

ఆవిడ కళ్ళు మూసుకుంది. కాలివేళ్ళు నేల మీద విచ్చుకున్నాయి. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పకపకా నవ్వింది. సందు లేకుండా భర్త పక్కకు జరిగి, సొట్టల ట్యూబాకు చెంప ఆనించి, దాని పొట్ట మీద వేళ్ళతో తట్టింది. మళ్ళీ ఊదమని.

ప్లంబరు ఊదాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఊదాడు.

“ఇదే కట్టేయండి,” అన్నాడు ఆయాసపడుతూ.

“మరి ఆ మీట?”

“ఊళ్ళో మొరాయించే పైపులన్నీ నా మాటే వింటాయి. ఇదొక లెక్కా?”

ట్యూబాను భుజానికెత్తుకుని అతను వీధిలోకి నడిచాడు. దారిలో ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నట్టు ఆవిడ దాని అంచు పట్టుకుని పక్కనే నడిచింది. కొట్టాయన బావమరిదితో పాటు గుమ్మంలో నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశాడు.

“ఇన్నేళ్ళ వ్యాపారంలో, పై మెరుగులు చూసి మోసపోకుండా అసలు నాదం పట్టుకున్న మనిషిని ఇవాళే చూశాను. అలాంటి చెవి కోటికొకరికి ఉంటుంది. మీ అక్కగారికి నా మాటగా చెప్పండి బాబూ.”

“తప్పకుండా చెబుతానండీ,” బావమరిది నెత్తి మీది దుమ్ము దులుపుకుంటూ నవ్వాడు. “మా అక్కకు పుట్టుకతోనే చెవులు వినపడవు.”