వల పరిచే చోటు

“అట్నించి కాదు, గుమ్మంలోంచి రా” అంది పుల్లమ్మ. “సొంత ఇంట్లోకి దొంగ మాదిరి వస్తారా ఎవురన్నా?”

తిరుపాలు పెళ్లాం మాట జవదాటే రకం కాదు. వెనక్కి వెళ్లి, చుట్టూ తిరిగి, గుమ్మం ముందు చెప్పులు విడిచి, కుడికాలు పెట్టి వచ్చాడు. అది చూసి పుల్లమ్మ కళ్లు చెమర్చాయి. కిందటేడు, అంటే తొంభై నాలుగులో వచ్చిన తుపానుకు నెల్లూరు దిగువన సముద్రం ఒడ్డునున్న వాళ్ల పల్లెలో ఒక్క ఇల్లూ మిగల్లేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ బెంగళూరొచ్చి, బ్రూక్‌ఫీల్డ్‌లో కొత్తగా లేస్తున్న బిల్డింగుల దగ్గర ఇటుకలు మోస్తూ, రేకుల షెడ్డులో కాపురం ఉంటున్నారు. ఇది నాది అనుకుని గుమ్మం దాటి ఏడాదయింది.

“ఎలా ఉందక్కా?” అని అడిగింది ఫర్హానా.

వాళ్ల పల్లెకు ఇళ్లు కట్టించబోయే సంస్థలో డిజైన్లు చేసే అమ్మాయి ఆమె. అక్కడికి దగ్గర్లోని కాడుగోడి రైలు స్టేషన్ వెనక ఖాళీ స్థలంలో మాదిరి ఇల్లు సిద్ధం చేయించింది. ఆ పల్లె మనుషులు బ్రూక్‌ఫీల్డ్‌లోనే పని చేస్తున్నారని తెలిసి, ఆదివారం పనిగట్టుకుని వీళ్లను పిలిపించింది. పుల్లమ్మ సరేనంటే పల్లె మొత్తానికి ఇదే ఇల్లు.

“శానా బాగుండాదమ్మా” అంది పుల్లమ్మ.

“వంటిల్లు?”

“బాగుండాది.”

“గది?”

“అదీ బాగుండాది.”

ఫర్హానా ముఖం వాడిపోయింది. “పోయినసారి వేరే ఊళ్లో కూడా అందరూ ఇలాగే బాగుంది, బాగుంది అన్నారక్కా. కట్టి ఇచ్చాక వెళ్లి చూస్తే ఇళ్లలో మేకలున్నాయి, మనుషులు పక్కన పాకల్లో ఉన్నారు. ప్లీజ్, నిజం చెప్పండి. ఇది మీ ఇల్లే అనుకుని ఒక పూట ఉండి చూడండి.”

ఉండమంటే పుల్లమ్మకు ఏం కష్టం? వంటింట్లో కూర్చుని పొయ్యి ఎక్కడ పెట్టాలో, బిందె ఎక్కడ పెట్టాలో చూసుకుంది. గదిలో చాప పరిచి నడుం వాల్చింది. కోడి ఒకటి ఎక్కడి నుంచో వచ్చి గదిలోంచి వంటింట్లోకి పోతుంటే హుష్ అని తోలింది. రైలొకటి కూత వేసుకుంటూ వెళ్తుంటే అందరూ మాటలాపి అటే చూశారు. ఆఖరికి పుల్లమ్మ వసారాలోకి వచ్చి చతికిలబడింది. కాళ్లు చాపితే పాదాలు వీధిలో పడ్డాయి.

ఆమె గమ్మున కాళ్లు ముడుచుకోవడం ఫర్హానా చూసింది. “ఏమక్కా?”

“ఏం లేదమ్మా.”

“ఏదో ఉంది.”

తిరుపాలు పెళ్లాం పక్కన గొంతుక్కూర్చుని చెవిలో గొణిగాడు. “ఏమ్మే, నోరు మూసుకుని ఉండు. ఇచ్చేవాళ్ల ముందర వంకలు పెడితే చేతికొచ్చింది కూడా పోతాది. ఊళ్లో మన మొగాన ఉమ్మేస్తారు.”

ఆ మాటా నిజమే. ఊరు ఊరంతా ఇంకా టార్పాలిన్ల కిందే ఉంది. తన నోటి దురద వల్ల అందరికీ ఇళ్లు తప్పిపోతే? పుల్లమ్మకు భయం వేసింది. అయినా ఆ వసారాలో కూర్చున్నాక ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. తుపానుకు పోయిన ఇంట్లో ఆమె బతుకంతా వసారాలోనే గడిచింది. రేపు ఊళ్లో ప్రతి ఆడదీ ఇట్లా కాళ్లు ముడుచుకునే కూర్చోవాలి గదా అనిపించింది.

లేచి, గదిలోని చాప తెచ్చి వసారాలో పరిచింది. సగం చాప వీధిలోకి పోయింది.

“ఇది వల అనుకోమ్మా. వల దీనికన్నా శానా పెద్దది. వల బాగుచేసుకునేదీ ఈడే, చేపలు ఎండేసుకునేదీ ఈడే, ముసలోళ్లు పడుకునేదీ ఈడే. ఈ జానెడు చోట్లో యాడ కుదురుతాది? వలని తీసుకుపోయి గదిలో పెడతాం. అది లోపల పడుకుంటాది, మేం బయట పడుకుంటాం.”

“తుపాను వస్తే అందరూ లోపలే ఉండేలా గది పెద్దగా పెట్టామక్కా.”

“తుపాను ఒక దినం వచ్చి పోతాది. మిగతా దినాలన్నీ మేం బతకాల గదమ్మా. గది చిన్నదైనా మేలే. ఈ గోడ లోపలికి పోవాల.”

తిరుపాలు తల పట్టుకున్నాడు. గది చిన్నది చేయమని అడిగిన మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మేస్త్రీ శ్రీనివాసప్పది కాడుగోడే. అంతదాకా ఒక వారగా కూర్చుని బీడీ కాలుస్తున్నవాడు చివాలున లేచాడు. “ఏమప్పా ఇది. నడుం విరిగేటట్టు చేసినాను. దారం పట్టినట్టు ఉండాది గోడ. దీన్ని జరిపితే దాని ఎనకాల వంటిల్లు జరపల్ల, తలుపు జరపల్ల. మళ్లా నేనే గదా సావల్ల?”

తిరుపాలు రెండు చేతులూ జోడించాడు. “మేడమ్, దాని మాట పట్టించుకోబాకండి. మాకు ఇదే సాలు. మేస్త్రీ అన్న కష్టం పాడు చేయబాకండి.”

పుల్లమ్మ మాత్రం చాప తీయలేదు. అక్కడే నిలబడింది. “కోపం వస్తే రానీ అన్నా. నన్ను అడిగినారు కాబట్టి చెప్తా ఉండా. మా ఊళ్లో మేకలకి ఇళ్లు వద్దు.”

ఫర్హానా ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాప వైపు, గోడ వైపు మార్చి మార్చి చూసింది. ఆమె ముఖంలోకి మళ్లీ కళ వచ్చింది. “ఎంత లోపలికి జరపాలక్కా?”

పుల్లమ్మ ఆ మాట నమ్మలేక మొగుడి వైపు చూసింది. తర్వాత గదిలోకి వెళ్లి ఒకచోట నిలబడింది. “ఈడికి.”

ఇక అయిపోయిందనుకుని తిరుపాలు కళ్లు మూసుకున్నాడు. శ్రీనివాసప్ప గొణుక్కుంటూ బీడీ పారేశాడు.

ఫర్హానా వంగి, నేల మీద ముగ్గుతో గీసిన ఆ గోడను చేత్తో చెరిపేసింది.