సొన్నప్ప గట్టి మాత్రలు

"ఇంగ చాలు, ఆపండి. పిడికిట్లో పట్టితే ముద్దయితా ఉండాది," అంది భార్య అనసూయ, గంజి చెంబు పక్కన పెడుతూ.

సొన్నప్ప పిసకడం ఆపలేదు. కాటన్‌పేటలో తన ఇంటి ముందు గదిలోనే చలిజ్వరం మాత్రలు చేసి ఆసుపత్రికి పంపుతాడాయన. పోయినసారి పంపినవి దారిలోనే పిండి పిండి అయ్యాయి, డబ్బాలతో సహా తిరిగొచ్చాయి. యుద్ధం రోజులు, ఇంటింటా జ్వరాలు. అయినా ఈసారి ఆసుపత్రి డాక్టరు కాదంటే కార్ఖానా మూసుకోవలసిందే.

"ఎక్కువసేపు పిసికితే చెడిపోతాదని కాంపౌండరు ఓబళప్ప చెప్పిపోయినాడు కదా," అంది భార్య.

"వానికేం తెలుసు? సంగటి కెలికేకొద్దీ బాగుంటాదా లేదా? ఇదీ అంతే. నువ్వు గంజి పొయ్యి."

మందుపొడీ గంజీ కలిసిన ఆ ముద్దను రెక్కలు పడిపోయేదాకా పిసికాడు. జల్లెడ మీద రుద్ది రవ్వ తీశాడు. ఆరబెట్టి, మిషన్లో వేసి మాత్రలు కొట్టాడు. మొదటి మాత్రలు జ్వరంతో మంచాన పడి ఉన్న తల్లి భాగీరథమ్మకే మింగించాడు. తన సరుకు మీద అంత నమ్మకం ఆయనకు.

రెండు రోజులకు డాక్టరు వచ్చాడు. ఒక మాత్ర తీసి నేలకేసి కొట్టాడు. అది ఎగిరి గోడకు తగిలిందే గానీ పగల్లేదు. గొడుగు పిడితో బాదాడు. పిడికే సొట్ట పడింది.

"భలే చేసినావప్పా. ఇవి ఎంత దూరం పోయినా పిండి కావు."

సొన్నప్పకు ప్రాణం లేచొచ్చింది. ఇంక తన కార్ఖానాకు ఢోకా లేదనుకున్నాడు.

"గట్టిగా ఉండాయి సరే. పని చేస్తాయా?" అన్నాడు డాక్టరు, ఆర్డరు రాయడానికి పెన్ను మూత తీస్తూ.

"మా అమ్మకే ఇచ్చినా స్వామీ. నా మాటెందుకు, మా ఇంటామెనే అడగండి. ఏమే, అమ్మకు ఎట్లుండాదో వచ్చి చెప్పు."

అనసూయ పెరట్లోంచి తడి చేతులతో వచ్చి, ఒక చిన్న పళ్ళెం డాక్టరు ముందు పెట్టింది.

"జ్వరం అట్లే ఉండాది స్వామీ. మాత్రలు మాత్రం శానా గట్టివి. అత్త దొడ్డికి పోయినప్పుడు అన్నీ బయట పడినాయి, కడిగి తెచ్చినా. చూడండి, ఒక్కటీ అరగలేదు."