అర్థాల క్లాసులో కమాలుద్దీన్ చాచా

ఖురాన్‌ను అరబ్బీలో చదవడం వచ్చి అర్థం తెలియని పెద్దవాళ్ల కోసం మొఘల్‌పురాలో రోజూ పొద్దున నమాజు తర్వాత ఓ క్లాసు నడుస్తుంది. అందులో డెబ్బయ్యేళ్ల కమాలుద్దీన్ చాచా రెండోసారి పరీక్ష తప్పాడు.

తప్పితే తప్పులేదు. కానీ పాఠం చెప్పే హమ్మాద్‌ది కంప్యూటర్ కంపెనీ ఉద్యోగం. అక్కడ తను పడే గడువుల బాధ ఇక్కడ పెద్దలకు పంచుతుంటాడు.

"చాచా, శుక్రవారం ఆఖరి చాన్సు. ఒక్క పేజీకి అర్థం చెప్పాలె. లేకుంటే పిల్లల క్లాసుల కూసోవాలె."

చాచాకు పిల్లల ఫికర్ లేదు. కళ్ల ఫికర్ ఉంది. ఎడమ కన్ను పోయింది. కుడిది ఏడాది మించి ఆగదన్నాడు డాక్టరు. అల్లా కలామ్ ఆయనకు నోటికొచ్చు. నోటికీ బుర్రకూ బెత్తెడే దూరం. డెబ్బయ్యేళ్లుగా ఆ బెత్తెడు దాటలేదు. చూపు ఉండగానే ఒక్క పేజీ అయినా అర్థమై చదవాలని ఆశ.

కంటికి దవా వేసుకున్నాడు. బుర్రకు దువా చేసుకున్నాడు. దవా చుక్కలుగా పడింది. దువా ఇంకా పైనుంచి పడాలి.

శుక్రవారం వచ్చింది.

"నూట పన్నెండో పేజీ," అన్నాడు హమ్మాద్.

పేజీ తీయడంలో చాచాదే ఫస్టు. వేలు పెట్టగానే తెరుచుకుంది. ఆ తర్వాతే అసలు తలుపు మూసుకుంది. ఉర్దూలో కూడా ఉన్న మాటలు చుట్టాల్లా పలకరించాయి. మిగతావి మొహం తిప్పుకున్నాయి. ఓ అక్షరం కింద చుక్క వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంది. చాచా దాన్నే చూస్తూ చిన్నబోయాడు.

"అక్షరాలల్ల ఏం చూస్తున్నరు చాచా? అర్థం చెప్పుండ్రి."

"అల్లా తెరిస్తే తెరుచుకుంటది బేటా."

"తెరుస్తడు. మనం తలుపు కొట్టాలె గదా. ఆటో నడుపుకుంట తబ్రేజ్ భాయ్ నేర్చుకుండు. మీకేమైంది?"

"చాచాకు రివర్స్ గేర్ పడ్డది సర్," అన్నాడు పక్కనున్న తబ్రేజ్.

హమ్మాద్ నవ్వలేదు. పుస్తకం పైకెత్తి చూపించాడు.

"ఇది కంప్యూటర్ అక్షరం కాదు. ఎవరో ఒకాయన కలంతోటి మొత్తం రాస్తే, అదే అచ్చేసిన్రు. పేరు సుత వేసుకోలే. గంత మెహనత్ చేసినోడికి అల్లా ఎంత అర్థం తెరిచి ఉంటడో ఆలోచించుండ్రి. అందరు దువా చెయ్యుండ్రి, గాయనకు తెలిసిన దాంట్ల ఒక్క ముక్కన్న మన చాచాకు దక్కాలెనని."

అందరూ చేతులెత్తారు.

"ఆమీన్," అన్నాడు, నాలుగేళ్లు కూర్చుని ఆ పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాకా చేత్తో రాసిన కమాలుద్దీన్ చాచా.