ఖాళీగా ఉన్న చెయ్యి

"ఇదీ బాలేదు," అన్నాడు పెళ్లికొడుకు.

సేల్స్ అమ్మాయి ఆ సీసాకి మూత పెట్టి, పనికిరానివాటి గుంపులోకి తోసింది.

వారంలో పెళ్లి. సూటు కుదిరింది, బూట్లు కుదిరాయి, పిల్ల ఎప్పుడో కుదిరింది. సెంటు ఒక్కటే కుదరలేదు. తను అడుగుపెట్టగానే అందరూ తల తిప్పి చూడాలి, ఆ వాసన ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. అదీ అతగాడి పట్టుదల. ఒకటి మరీ తియ్యగా ఉందన్నాడు, ఒకటి ఆస్పత్రిలా ఉందన్నాడు. ఇంకోటి వాళ్ల ఆఫీసులో మేనేజరు కొట్టుకుంటాడట, కాబట్టి చచ్చినా వద్దట. షాపువాళ్లు అప్పుడే అతనికి 'వంకల బాబు' అని పేరు పెట్టేసుకున్నారు.

"చిన్నప్పుడు ఇంట్లో అలవాటైన వాసనే చాలామందికి నచ్చుతుంది సార్. మీ నాన్నగారు ఏం వాడేవారు?"

"ఆయన లేరు."

తండ్రి సంగతి ఎవరడిగినా అతను చెప్పేది ఆ ఒక్క మాటే.

"సారీ సార్."

"దానికేం గానీ, తర్వాతది తియ్యండి."

"ఇలా అట్టముక్క మీద కొడితే సరిగ్గా తెలీదు సార్. ఒంటిమీద పడితేనే అసలు వాసన బయటికొస్తుంది."

ఒంటిమీద చోటేదీ? మణికట్టు నుంచి మోచేతి దాకా రెండు చేతులూ నిండిపోయాకే అట్టముక్కలకి దిగారు. పెళ్లికొడుకు అటూ ఇటూ చూశాడు.

తలుపు పక్క కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మాసిన చొక్కా, పెరిగిన గడ్డం, ఎముకల గూడులాంటి ఒళ్లు. ఎండకి తాళలేక చల్లగాలి కోసం లోపలికి దూరి ఉంటాడు. ఇందాకట్నుంచీ ఇటే చూస్తున్నాడు.

"పెద్దాయనా, ఇలా రా."

పిలవడమే ఆలస్యం, లేచి వచ్చేశాడు.

"చొక్కా చెయ్యి పైకి మడువు."

"సార్, పాపం..." అమ్మాయి నసిగింది.

"ఊరికే కూర్చుని మీ ఏసీ తింటున్నాడుగా. కాస్త పనికొస్తాడు."

ముసలాయన చెయ్యి చాపాడు. పెళ్లికొడుకు దాన్ని పట్టుకుని, కూరగాయలు ఏరుకునేవాడిలా అటూ ఇటూ తిప్పి, బుస్సుమని కొట్టాడు.

ముసలాయన ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"కదలకు."

"లేదు బాబూ, కదలను."

ముక్కు దగ్గర పెట్టుకోవడం, పెదవి విరవడం, కాస్త పైన ఇంకోటి కొట్టడం. సూదులు గుచ్చీ గుచ్చీ నల్లబడ్డ చోట పడినప్పుడు ముసలాయన పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తున్నావేంటి? ఘాటా?"

"ఘాటే బాబూ."

ఆ తర్వాతి సీసా దగ్గర పెళ్లికొడుకు ఆగిపోయాడు. ఆ చేతిని వదలకుండా మళ్లీ మళ్లీ వాసన చూశాడు. ఎందుకో ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఇదే! ఇన్నాళ్లూ వెతికింది ఇదే!"

"ఒక్కొక్కరి ఒంటిమీద ఒక్కోలా ఉంటుంది సార్. మీకు కూడా ఒకసారి కొట్టి చూద్దాం," అంది అమ్మాయి.

అతని మెడ మీద కొట్టి, దాన్నే కాస్త చేతిరుమాలుతో అద్ది వాసన చూసింది. ముసలాయన చెయ్యి చూసింది. మళ్లీ రుమాలు చూసింది.

"ఇద్దరి ఒంటిమీదా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంది సార్! ఇలా నేనెప్పుడూ చూడలేదు."

"నా ఎంపికంటే మామూలా మరి!" అని కాలరెగరేశాడు పెళ్లికొడుకు. "ప్యాక్ చెయ్యండి."

ముసలాయన మెల్లగా రెండో చొక్కా చెయ్యి కూడా మడిచాడు.

"బాబూ, ఇంకోటి ఏదైనా చూస్తావా? ఈ చెయ్యి ఖాళీగానే ఉంది."

"చాల్లే, నీతో పనైపోయింది. ఇంకాసేపుంటే నీ ముసలి కంపు నాకంటుకునేలా ఉంది."

ముసలాయన కదల్లేదు. పెళ్లికొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏయ్! చనువిస్తే నెత్తికెక్కుతావే! సెక్యూరిటీ, ఈ శాల్తీని బయట పడెయ్!"

గార్డు రెక్క పట్టుకుని లాక్కెళ్లాడు. తలుపు దగ్గర జాలిపడి, తుడుచుకోమని కాగితం ఇవ్వబోయాడు. ముసలాయన తల అడ్డంగా ఊపి, సెంటు పడిన చేతిని గుండెకి హత్తుకుని మెట్లు దిగాడు. వెనకే వచ్చిన పెళ్లికొడుకు మాత్రం అదే కాగితం తీసుకుని తన వేళ్లు ఒక్కొక్కటే శుభ్రంగా తుడుచుకున్నాడు.

ఇంట్లో తల్లి పెళ్లి చొక్కాకి గుండీ కుడుతోంది.

"దొరికిందమ్మా! ఒక ముసలాడు దొరికాడు, వాడి చేతిమీద కొట్టి కొట్టి చూశా. బక్క ప్రాణి, అట్టముక్కలా నిలబడ్డాడనుకో!" పకపకా నవ్వాడు.

తల్లి చేతిలో సూది ఆగింది.

"తలుపు పక్కన కూర్చున్నాడా?"

"అవును. నీకెలా తెలుసు?"

"ఏమైనా మాట్లాడాడా?"

"మాటలా! భుజం మీద చెయ్యేస్తే గెంటించేశా."

తల్లి చొక్కా పక్కన పెట్టేసింది.

"నువ్వు ఏ షాపుకి వెళ్తున్నావో చెప్పింది నేనేరా."

"ఎవరికి?"

"రోగం ముదిరిపోయిందట. ఇంక రోజుల మీద ఉన్నాడట. ఒక్కసారి నిన్ను కళ్లారా చూసుకుంటానని ఎవరిదో ఫోన్ అడుక్కుని చేశాడు. ఎక్కడుంటున్నాడో నాకూ చెప్పలేదు. నీ చిన్నప్పుడే వదిలేసి పోయినవాడు వస్తున్నాడని చెబితే అటువైపే వెళ్లవని దాచాను."

పెళ్లికొడుకు ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"దగ్గరికి రాను, తలుపు పక్కన కూర్చుని చూసి వెళ్లిపోతాను, వాడు నా చెయ్యి పట్టుకునే రాత నాకెక్కడిది అని భోరుమన్నాడురా, మీ నాన్న."