కొత్తకోడలిని గుర్తుపట్టని తలుపు

కాకినాడలో ప్రతి తలుపూ చేతిగాజు చూసి మనిషిని గుర్తుపట్టి, గాజుకి ఒక్కరి చొప్పున రానిచ్చే రోజులవి. రాజ్యలక్ష్మి గారి ఇంటిని నడిపే కంప్యూటర్ మాత్రం పెళ్లికొడుకు కంటే వయసులో పెద్దది. పొద్దున కాఫీ పెట్టమంటే పకోడీల వేళకి పెట్టేది.

కొత్తకోడలు హిమజ గుమ్మం బయటే ఆగిపోయింది. కొత్త గాజు చూపించిన ప్రతిసారీ తలుపు "గుర్తుపెట్టుకున్నానండీ" అనడం, మరుక్షణం "ఎవరండీ మీరు?" అనడం. అవతల రాహుకాలం ముంచుకొస్తోంది.

హిమజ బాసికం పైకి తోసుకుని, "అత్తయ్యా, మిమ్మల్ని గుర్తుపడుతోందాండీ?" అంది.

"నన్నేంటమ్మా, ఎప్పుడో పారిపోయిన పిల్లిని కూడా పేరుపెట్టి అడుగుతుంది."

"అయితే దాని జ్ఞాపకాలు దాచుకునే ఎస్‌ఎస్‌డీ పోతోందండీ. పాతది చదువుతుంది, కొత్తది రాసుకోలేదు. పూర్తిగా పోకముందే ఉన్నదంతా కొత్త ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించాలి. సాయంత్రమైపోద్ది."

"అందాకా ముహూర్తం ఆగుద్దా?" అంటూ రాజ్యలక్ష్మి గారు తన గాజు తీసి కోడలి చేతికి తొడిగారు.

"రండి రాజ్యలక్ష్మి గారూ," అని తలుపు తెరుచుకుంది. హిమజ కుడికాలు పెట్టి లోపలికి వెళ్లగానే మూసుకుంది.

హారతి పళ్లెంతో అత్తగారు ముందుకొచ్చారు.

"రాజ్యలక్ష్మి గారు లోపలే ఉన్నారు. ఎవరండీ మీరు?" అంది తలుపు.

లోపల్నించి కోడలి గొంతు నిదానంగా వినిపించింది.

"మావయ్యగారి పేరు చెప్పండత్తయ్యా, తీస్తాను."