ఎడమ పక్క మిణుగురులు

అక్కా, ఫోన్లో నాకు మాట రాదు, అందుకే మెసేజ్ పెడుతున్నా.

సాయంత్రం ఉక్కపోస్తోందని నాన్నా నేనూ డాబా మీద కూర్చున్నాం. వెల్డింగ్ షాపు నుంచి వచ్చి నాన్న ఇంకా చొక్కా కూడా మార్చలేదు.

"ఒరేయ్, ఎన్ని మిణుగురులు వచ్చాయో చూడు" అన్నాడు.

నాకు ఒక్కటీ కనపడలేదు. "ఎక్కడ నాన్నా?"

"అదుగో, ఎడమ పక్కన. పొద్దస్తమానం ఫోన్లో తల దూరిస్తే నీకేం కనపడతాయిలే" అని నవ్వాడు.

అమ్మ పోయాక నాన్న నవ్వడం ఇదే మొదలు కదక్కా. అందుకే "ఆఁ, బోలెడున్నాయి" అనేశా. చాలాసేపు ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం.

కిందికొచ్చి గదిలో లైటు వేశా. నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇంట్లోకి కూడా వచ్చాయేంట్రా?"

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "మూసుకున్నా ఎగురుతున్నాయిరా" అన్నాడు. తర్వాత మెల్లగా, "అయితే ఇవి నా కంట్లోనే ఉన్నాయన్నమాట" అన్నాడు.

నా చెయ్యి పట్టుకుని అడిగాడు. "నిజం చెప్పు. డాబా మీద నీకు కనపడ్డాయా?"

అక్కా, పొద్దున్నే రా, కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. నాన్న నా చెయ్యి ఇంకా వదల్లేదు, ఒక్క చేత్తోనే ఇదంతా కొడుతున్నా.