నూట నలభై నాలుగో గడి

"దాన్ని ఉతకొద్దు, ఎండలో వెయ్యొద్దు, మడత కూడా నేనే పెట్టుకుంటాను. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అన్నాడు కళ్ళజోళ్ళాయన, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

"మీ దుప్పటిని ఎవరూ కొరుక్కు తినర్లెండి," అంది భార్య.

ఆయన దుకాణానికి వెళ్ళాడు. ఆమె వీధి తలుపు గడియ పెట్టి, దుప్పటిని నేల మీద పరిచి, కత్తెర తీసింది.

అది ఊలు గళ్ళ దుప్పటి. అరచేతి వెడల్పు గళ్ళు, అడ్డం పన్నెండు, నిలువు పన్నెండు. ప్రతి గడికీ నడుమ పసుపు పువ్వు, దాని చుట్టూ ఎరుపు, అంచుకి నలుపు. ఆ నల్ల అంచుల్నే ఒకదానితో ఒకటి కలిపి కుట్టారు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినప్పుడు ఆయన దాన్ని గడ్డం దాకా లాక్కుని, ఒక్కో గడినీ వేలితో నిమురుతూ నిద్రలోకి జారుకుంటాడు. పక్కనే కూర్చున్న పెళ్ళాం చెయ్యి ఆ వేలికి ఏనాడూ తగల్లేదు.

అల్లిందెవరని ఆమె అడగలేదు. అడిగితే లోకువ. అయినా గోడ మీద ఫోటో ఉండగా అడగడమెందుకు? అందులో ఆయన మొదటి భార్య, ఎప్పుడో పోయినావిడ, కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. ఒళ్ళో ఇదే దుప్పటి, చేతిలో కొక్కెం సూది. బతికున్న సవతైతే జుట్టు పట్టుకోవచ్చు. పటంలో ఉన్న సవతిని ఏం పట్టుకుంటాం?

అందుకని ఆమె ఊలు పట్టుకుంది. రోజుకో గడి. చుట్టూ కుట్టు కత్తిరించి గడిని ఊడదీయడం, పోగు లాగి విప్పడం, ఏళ్ళ తరబడి వంకర్లు తిరిగిపోయిన ఊలును కుర్చీ వీపుకి చుట్టి, వేణ్ణీళ్ళు చిలకరించి, ఫ్యాను కింద ఆరబెట్టడం. మళ్ళీ ఆ ఊలుతోనే ఆ గడినే తన చేత్తో అల్లి, ఆయన వచ్చేలోగా ఉన్నచోటనే కుట్టెయ్యడం. అలా నూట నలభై మూడు అయ్యాయి. ఊరందరి చూపూ పరీక్షించే మనిషికి ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు. ఇక మిగిలింది మూల గడి. అదీ అయిపోతే ఆయన నిమిరేదంతా తన చేతి పనే.

మూల గడి సగం అల్లేసరికి, పెరటి తలుపు తోసుకుని ఆయన అక్కగారు ఊడిపడింది.

"వీధి తలుపు బిగించుకుని ఏం చేస్తున్నావే మరదలా? నోట్లు అచ్చేస్తున్నావా?"

ఒళ్ళో సూది, కుర్చీకి ఊలు, నేల మీద మూల ఊడిన దుప్పటి. దేన్నని దాచడం?

"చిరిగితే బాగుచేస్తున్నాను వదినా."

"చిరిగినదానికి కత్తెరెందుకే?"

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. "అవును, విప్పేశాను! అయిదు నెలలుగా రోజుకొకటి, అన్నీ విప్పేశాను! పోయినావిడ అల్లిక కింద నా మొగుడు ఇంకెన్నాళ్ళు పడుకుంటాడు? వెళ్ళి చెప్పుకోండి మీ తమ్ముడికి!"

వదిన నోరు తెరిచింది. ఫోటో వంక చూసింది. తెరిచిన నోరు మూసుకుంది.

"ముందు ఆ గడి కానివ్వు. వాడొచ్చే వేళయింది," అంటూ పక్కనే చతికిలబడి, కుట్టడానికి నల్ల పోగు సూదికెక్కించి ఇచ్చింది.

చివరి కుట్టు వేసి పోగు తెంపుతుండగా తలుపు చప్పుడైంది. ఆయన కాళ్ళు కడుక్కున్నాడు, భోంచేశాడు, దుప్పటి లాక్కున్నాడు. వేలు ఎక్కడికీ పోకుండా సరిగ్గా మూల గడి మీదికే వెళ్ళి ఆగింది. మంచినీళ్ళు తెచ్చిన ఆమె గ్లాసుతో అలాగే నిలబడిపోయింది.

"అక్కా," అన్నాడు ఆయన కళ్ళు మూసుకునే, "ఎవరెన్ని చెప్పినా, మనమ్మ చేతి పనే వేరు. ఇన్నేళ్ళయినా ఒక్క పోగు జారిందేమో చూడు!"

ఆ వెంటనే గురక.

ఆమె వదినను రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "అత్తగారు అల్లిందా? మరి ఆ ఫోటోలో ఆవిడ అల్లుతోందిగా?"

"అల్లుతోంది సరే, ఏ ఊలుతో అనుకున్నావ్? విప్పిన ఊలుతోనే! అత్తగారి అల్లిక కింద నా మొగుడు ఎన్నాళ్ళు పడుకుంటాడని అదీ నా దగ్గర ఒకటే గోల. మూడేళ్ళు పట్టింది పాపం. నువ్వే నయం, అయిదు నెలల్లో తేల్చావు."

ఆమె తల పట్టుకుంది. "నా కుళ్ళు తగలెయ్య! అయితే ఆ మహాతల్లి కష్టాన్ని కోడళ్ళిద్దరం కలిసి గంగపాలు చేశామన్నమాట."

వదిన ఒకసారి గది వైపు తొంగి చూసి, గొంతు తగ్గించింది.

"మరీ అంత కుమిలిపోకులే. మా అమ్మ మాత్రం తక్కువ తిందా? అసలు అల్లింది మా నాయనమ్మ!"